జాబితాలో లేని పేరు

మన నర్సీపట్నం ఏ జిల్లాలో ఉంది? 2022 ఏప్రిల్ 3 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మరునాడు కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. రాష్ట్రంలోని 13 జిల్లాలు ఆ రోజున 26 అయ్యాయి. మరి పాత 13 పేర్లే తెలిసిన కంప్యూటరు ప్రోగ్రాముకు 'అనకాపల్లి' అని ఇస్తే ఏం చేయాలి?

ఇలా ముందే గిరి గీసి పెట్టిన పేర్ల జాబితాను ప్రోగ్రాములు రాసేవారు 'ఈనమ్' అంటారు. మంచి పద్ధతే. అక్షరం తప్పు పడితే వెంటనే పట్టిస్తుంది. చిక్కల్లా జాబితా ఒకరి దగ్గర, దాన్ని పెంచే అధికారం మరొకరి దగ్గర ఉన్నప్పుడే.

అమెజాన్ వారి బ్యాకప్ సేవనే చూడండి. మన ఫైళ్ళకు నకళ్ళు తీసి దూరాన ఉన్న కంప్యూటర్లలో దాస్తుంది. పని 'నడుస్తోంది', 'పూర్తయింది', 'విఫలమైంది' అంటూ కబురు పంపుతుంది. ఆ కబుర్లు చదివిపెట్టేందుకు ముందే రాసి ఉంచిన ప్రోగ్రాముల కట్టే లైబ్రరీ. పాత లైబ్రరీకి 'కొంతే అయింది' అనే కొత్త మాట వచ్చిందనుకోండి. తెలియదని మొత్తం ఆగిపోతే మిగతా నకళ్ళ సంగతీ తెలియదు. 'పూర్తయింది'లో కలిపేస్తే మరీ ప్రమాదం. లేని నకలును నమ్మి అసలును చెరిపేస్తాం!

అమెజాన్ జావా లైబ్రరీ రెండో రూపంలో ఇందుకోసం ఒక విలువ ఉంది: 'ఈ లైబ్రరీకి తెలియనిది'. వచ్చిన మాటనూ ఉన్నదున్నట్టు విడిగా చదువుకోవచ్చు. నా ఓటు దీనికే. ప్రోగ్రాము ఆగదు, అబద్ధమాడదు. అసలు ఫైలును ముట్టుకోకుండా, ఆ కొత్త మాటను మనిషికి చూపిస్తుంది.