తేరుకొనుటకు కొంత వ్యవధి

మన విద్యార్థుల నోట ఇటీవల ఒక ఆంగ్ల జాతీయము తరచుగా వినవచ్చుచున్నది: 'స్నాప్ అవుట్ ఆఫ్ ఇట్'. ముఖము ముడుచుకొని కూర్చున్న మిత్రుని, ఆ దిగులు నుండి చటుక్కున బయటపడుమని హెచ్చరించుట దీని భావము. స్నాప్ అనగా పుల్ల పుటుక్కున విరుగుట, చిటిక వేయుట. దిగులు కూడ అట్లే చిటికలో తెగిపోవలెనట!

చిల్లర అలుకలకు ఇది మంచి మందే. ఉర్దూలో 'గుస్సా థూక్ దో' అని మనము ఇండ్లలో వినుచునే యున్నాము. కోపమును ఉమ్మివేయుమనుట వినుటకు మొరటుగా నున్నను పనిచేయును. అయితే ఆ పలుకుబడి కోపమునకే పరిమితము, దుఃఖము జోలికి పోదు. ఇక తెలుగులో 'తేరుకొనుట' కలదు. కలక నీరు తేరినట్లు మనసు తేరవలెను. బిందెను కదపక ఉంచిననే నీరు తేరును. తొందరపడి కదిలించినచో మడ్డి మరల పైకి లేచును.

కోపము వచ్చినపుడు నిలుచున్నవాడు కూర్చుండవలెనని, అప్పటికిని తగ్గనిచో పడుకొనవలెనని హదీసు. అలిగి మూడు దినములకు మించి సోదరునితో మాట మానరాదు. కాని భర్తను కోల్పోయిన స్త్రీకి ఖురాను 4 నెలల 10 దినముల గడువు విధించినది. క్రీ.శ. 619 ప్రాంతమున హజ్రత్ ఖదీజా, అబూ తాలిబ్ గతించిన సంవత్సరమునకు 'దుఃఖ సంవత్సరము' అనియే పేరు నిలిచినది.

కావున పరీక్ష తప్పినవానితో, తండ్రిని పోగొట్టుకొన్నవానితో ఈ ఆంగ్ల నుడి పలుకరాదని మా అభిప్రాయము. వారముల తరబడి నిద్రాహారములు మానిన మిత్రుడున్నచో, అతనిని వైద్యుని యొద్దకు మనమే తోడుకొని పోవలెను.