త్రాగి చక్రము పట్టువాడును ధర్మాసనమును

మద్యము మంచిదా చెడ్డదా యను చర్చ ఆంధ్రదేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. ఆ చర్చ యెందాక సాగినను, త్రాగినవాడు తన యింటి గడపలో నున్నంతవఱకు వాని కష్టనష్టములు ప్రధానముగ వానివియు వాని యాలుబిడ్డలవియు నగుచున్నవి. వాడే బండి యెక్కి చక్రము పట్టిన మఱుక్షణమున వ్యవహారమంతయు మాఱిపోవుచున్నది. అప్పటినుండి వాని చేతిలో నున్నది వాని ప్రాణము మాత్రమే కాదు. తెల్లవాఱుజామున పాలబిందెలతో సైకిలుపై వచ్చువాని ప్రాణము, ఊడ్పులకు ఆటోలో క్రిక్కిఱిసి పోవు కూలిస్త్రీల ప్రాణము, గట్టుమీద బడికి నడచిపోవు బిడ్డల ప్రాణము. ఇట్టివానిని చట్టమేమి చేయవలెను? వానికి న్యాయస్థానమున ప్రతివాదము చెప్పుకొను హక్కు కలదా? కలదేని అది యెంతవఱకు? ఈ ప్రశ్నలను గూర్చి మా యభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుట యావశ్యకమని తలచుచున్నాము.

గోదావరి డెల్టా త్రోవల నెఱిగినవారికి ఈ విషయము విస్తరించి చెప్పనక్కఱలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది, కాలువలు వచ్చినవి, కాలువలతో గట్లు వచ్చినవి. ఎడ్లబండ్లకు చాలిన ఆ గట్లే నేడు కార్లకును, రొయ్యల లారీలకును, మోటారు సైకిళ్లకును దారులైనవి. ఒకవైపు నీరు, ఒకవైపు పల్లపు చేను, నడుమ రెండు బండ్లు తప్పుకొనుటకు చాలని త్రోవ. పెక్కుచోట్ల పిట్టగోడ లేదు, దీపము లేదు. తెలివితో నున్నవాడే రాత్రివేళ వెఱచి తోలవలసిన యీ గట్లపై త్రాగినవాని కొక్క మలుపు చాలును. రావులపాలెము, తణుకు, తాడేపల్లిగూడెముల మీదుగ పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై వేగము హెచ్చు. కాకినాడ, యానాము, అమలాపురము, నరసాపురములను కలుపు 216వ నంబరు రహదారి సంగతి వేఱు. యానాము పుదుచ్చేరి పాలనలోనిదగుటచే అచ్చటి మద్యము చౌకయని పేరు. ఆ చౌక సరకును కడుపున వేసికొన్నవారు ఇంటిదారి పట్టి, వంతెన దాటి, మన జిల్లాలలోనికే వత్తురు. సంక్రాంతి మూడు దినములును కోడిపందెముల బరులచుట్టు నేమి జరుగునో భీమవరము వారికిని కోనసీమ వారికిని మేము చెప్పవలెనా?

త్రాగినవాడు తనకు దానే కీడు చేసికొనును గాని పరుల కేమి యని కొందఱందురు. వారు 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవాఱుజామును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గఱ నొక మోటారు సైకిలు తనంతట తాను జాఱిపడెను, తోలినవాడు మరణించెను. త్రోవపై పడియున్న ఆ బండిని హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు బస్సొకటి యీడ్చుకొనిపోగా నిప్పు పుట్టి, నిద్రలోనున్న ప్రయాణికులలో 19 మంది కాలి చనిపోయిరి. మోటారు సైకిలు తోలినవాడు మద్యము త్రాగియుండెనని పరీక్షలో తేలినట్లు పోలీసువారు ప్రకటించిరి. బస్సు లోపములు బస్సువి. వానిని మేము కప్పిపుచ్చుట లేదు. కాని ముఖమైన నెఱుగని ప్రయాణికుల మరణమునకు త్రాగుబోతు పడిన పాటు మొదటి మెట్టయ్యెననుట నెవరు కాదనగలరు?

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నట్లు ఊపిరి పరీక్షలోగాని ప్రయోగశాల పరీక్షలోగాని తేలినచో అది నేరము. ఈ హద్దు మిక్కిలి కఠినమైనది. ఇంగ్లండులో 1967లో నిర్ణయించిన హద్దు 80. 2019 సవరణ పిదప మొదటి నేరమునకు ఆఱు నెలలవఱకు ఖైదుగాని, 10,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. రెండవమాఱు పట్టువడినచో రెండు సంవత్సరముల వఱకు ఖైదు, 15,000 రూపాయల జుల్మానా. పూర్వము మూడేండ్లలోపల మరల చేసిననే రెండవ నేరముగ నెంచెడివారు. ఆ గడువును 2019లో తీసివేసిరి. కావున పదియేండ్ల నాటి శిక్షయు నేడు ముద్దాయిని వెన్నాడును. పైగా నిది పోలీసువానికి రొక్కము చెల్లించి రాజీపడు నేరము కాదు. న్యాయాధికారి యెదుట నిలువక తప్పదు.

ప్రాణహాని కలిగినచో కథ వేఱు. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారము అజాగ్రత్తచే మరణము కలిగించినవానికి అయిదేండ్ల వఱకు ఖైదు; పాత శిక్షాస్మృతిలో నిది రెండేండ్లే. అంతటితో నాగదు. త్రాగి తోలినచో మనుష్యులు చచ్చుట సంభవమని యెఱిగియు తోలినాడని న్యాయస్థానము నమ్మినచో, 105వ సెక్షను క్రింద హత్యకు రానట్టి నరవధగ నెంచి పదియేండ్ల వఱకు శిక్షింపవచ్చును. ఇది కేవల సిద్ధాంతము కాదు. 2006 నవంబరులో ముంబాయి కార్టరు రోడ్డున త్రాగి కారు తోలినవా డొకడు ప్రక్కబాటపై నిదురించుచున్న కూలీలమీదికి బోనిచ్చి ఏడుగురిని చంపెను. అది అజాగ్రత్త మాత్రమే యను వాదమును సుప్రీంకోర్టు 2012లో త్రోసివేసి, నాటి శిక్షాస్మృతి 304వ సెక్షను రెండవ భాగము క్రింద మూడేండ్ల కఠినశిక్షను స్థిరపఱచెను. త్రాగుట తెలిసిచేసిన పని; తోలుట తెలిసిచేసిన పని; ఫలితము మాత్రము తెలియదనుట చెల్లునా?

చెఱసాల గాక వేఱు నష్టములును గలవు. లైసెన్సు రద్దుచేయు నధికారము చట్టమున నున్నది. కనీసము మూడు నెలలు నిలిపివేయవలెనని సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా సంఘము 2015లో రాష్ట్రముల కాదేశించెను. త్రాగి తోలినవాని కారు నష్టమును బీమా సంఘము చెల్లింప నిరాకరింపవచ్చునని అదే న్యాయస్థానము 2021లో తీర్పు చెప్పెను. చనిపోయినవారి కుటుంబములకు బీమావారిచే ముందు చెల్లింపించి, ఆ సొమ్మును బండి యజమానినుండి రాబట్టుకొమ్మను పద్ధతియు కలదు. ఒక్క రాత్రి త్రాగుడునకు రెండెకరముల కొబ్బరితోట యమ్ముకొనవలసి రావచ్చునని ఈ లెక్క యెఱిగిన రైతు గ్రహింపగలడు. ఎవరికిని పెద్ద దెబ్బ తగులలేదు గదా యను సంజాయిషీయు నిలువదు. త్రాగి లారీ తోలిన యొక పోలీసుదళపు డ్రైవరు విషయమున 2022లో సుప్రీంకోర్టు, నష్టము తప్పినది యదృష్టమే గాని డ్రైవరు గొప్పతనము కాదను భావమును స్పష్టము చేసెను.

ఇంత నేరము చేసినవానికి వకీలెందుకని కొందఱు పాఠకులు మమ్ము ప్రశ్నింపవచ్చును. ఆ కోపము సహజమే గాని ఆ మాట సరికాదు. నాడు పరప్రభుత్వపు పోలీసువాని నోటిమాటమీద మన పెద్దలెందఱో రాజమహేంద్రవరము సెంట్రలు జైలునకు పోయిరి. అధికారి చెప్పినదంతయు ఋజువు కాదను సత్యమును మన జాతి యంత మూల్యమిచ్చి నేర్చుకొన్నది. త్రాగినవానికి ప్రతివాద మవసరము లేదన్న మఱునాడే, త్రాగనివానికిని ప్రతివాదము లేకుండ పోవును.

న్యాయమైన ప్రతివాదము చాలినంత కలదు. పరీక్షించు పోలీసు అధికారి యూనిఫారము ధరించియుండవలెను. అనుమానించుటకు తగిన కారణ ముండవలెను. ఊపిరి యంత్రమును నియమితకాలమున సరిచూచిరా యని యడుగవచ్చును. అప్పుడే మద్యసారము గల మందుతో నోరు పుక్కిలించినవాని నోట మద్యసారము నిలిచి యంత్రమును తప్పు చెప్పింపవచ్చును. రమారమి పావుగంట యాగి మరల పరీక్షించినచో ఆ సందేహము తీఱును. అరెస్టు చేసిన రెండు గంటలలోపల వైద్యపరీక్ష జరుగవలెను, జరుగనిచో విడిచిపెట్టవలెనని చట్టమే చెప్పుచున్నది. రక్తమును తీసినదెవరు, సీలు వేసినదెవరు, ఎవరి చేతులు మాఱి ప్రయోగశాలకు చేరినది యనునవి యడుగదగిన ప్రశ్నలే. నోట వాసన, తూలు నడక, తడబడు మాట మాత్రమే చూచి త్రాగినాడని నిశ్చయింపరాదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పినది. బండిని పోలీసువారు తమ యిచ్చవచ్చినన్నాళ్లు నిలుపుకొనరాదనియు, త్రాగనివా డొకడు వచ్చి లైసెన్సు చూపినచో నప్పగింపవలెననియు తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2021లో పలికెను. 185వ సెక్షను నేరమునకు జామీను హక్కుగ లభించును. అయితే పరీక్షకే యొప్పుకొననని మొండికెత్తుట తెలివి కాదు. తగిన కారణము చూపనిచో ఆ నిరాకరణమే ముద్దాయికి ప్రతికూలమైన సాక్ష్యమునకు బలమిచ్చునని 205వ సెక్షను చెప్పుచున్నది.

ఇది ప్రతివాదము. ప్రతివాదమను పేర జరుగు కుతంత్రము వేఱు. చక్రము పట్టినవాడు కుమారుడైనచో కూలి డ్రైవరును ముందుకు త్రోయుట, నెత్తురు నమూనా మార్చుట, సాక్షిని కొనుట: ఇవి న్యాయస్థానమునకు చేయు ద్రోహములు. 1999లో ఢిల్లీ నగరమున ధనికుని కారు క్రింద ముగ్గురు పోలీసువారితో గూడ ఆఱుగురు మరణించిన వ్యవహారమున, ముద్దాయి పక్షపు వకీలు సాక్షితో లోపాయకారీ సంప్రదింపులు జరిపిన సంగతి 2007లో బయల్పడగా, కోర్టు ధిక్కార నేరమును సుప్రీంకోర్టు 2009లో స్థిరపఱచెను. 2024 మే నెలలో పుణెలో బాలుడొకడు తోలిన కారు క్రింద ఇద్దఱు యువజనులు మరణింపగా, వాని రక్తనమూనాను మార్చిరను నభియోగముపై వైద్యులే నిర్బంధింపబడిరి. ఋజువును పరీక్షించుట వకీలు ధర్మము. ఋజువును మాయము చేయుట యెవరి ధర్మమును గాదు.

మాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి మఱియొకటి కలదు. డబ్బు గలవాడు యంత్రమును, గడియారమును, సీలును ప్రశ్నించుచు సంవత్సరములు గడపును. మేస్త్రీయో, ఆటో తోలువాడో, ఇటుకబట్టీ కూలీయో దినకూలి పోవునను భయమున వకీలు లేక యే నేరము నొప్పుకొని, అప్పుచేసి పదివేలు కట్టి యింటికి పోవును. ఆ యొప్పుకోలు రేపు రెండవ నేరమునకు పునాదియగునని వానికి చెప్పువారు లేరు. తప్పు చేసినవాడు ఒప్పుకొనుట మంచిదే. కాని ఏమి యొప్పుకొనుచున్నాడో తెలిసి యొప్పుకొనవలెను. నిర్బంధములో నున్నవానికి ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము ప్రసాదించిన హక్కు. ఆ హక్కు కాగితముపై నుండగా ధనికునికి తర్కము, దరిద్రునికి జుల్మానా యనునది సమన్యాయము గాదు.

ఇక ప్రభుత్వమువారి సంగతి. 1948 అక్టోబరు 2వ తేదీ నాటికి మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చెను. ఆ నిషేధమును గూర్చిన తగవులోనే 1954లో ప్రకాశము పంతులుగారి ఆంధ్రమంత్రివర్గము కూలెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి; 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను; 1997లో సడలెను. 2024 అక్టోబరులో దుకాణములు మరల ప్రయివేటు వర్తకుల చేతికి వచ్చెను. పక్షము లెన్ని మాఱినను ఖజానా మద్యమును విడువలేదు. జాతీయ రాష్ట్రీయ రహదారులకు 500 మీటర్లలోపల మద్యమమ్మరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో శాసించెను. మఱుసటి యేడే చిన్న యూళ్లకు 220 మీటర్లనియు, పురపాలక సంఘముల పరిధికి మినహాయింపనియు సడలింపులు వచ్చెను. ఒక చేత సీసా యమ్మి, మఱియొక చేత యంత్రము పట్టుకొని మలుపున నిలుచుట ప్రభుత్వమునకు శోభ గాదు. అంతమాత్రమున త్రాగి తోలినవాని దోషము తగ్గదు. అమ్మినవా డున్నాడని త్రాగినవాడు తప్పించుకొనరాదు.

కావున మేము కోరునవి యివి. ఊపిరి యంత్రమును సరిచూచిన తేదీని ముద్దాయికి చూపవలెను. రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము, ఏలూరు ఆసుపత్రులలో రాత్రియు పగలును రక్తపరీక్షకు వైద్యుడు సిద్ధముగ నుండవలెను. అప్పుడు రెండు గంటల నిబంధనము దోషికి దొడ్డిదారి కాదు, నిర్దోషికి కంటకము కాదు. ఈ కేసులు విచారించు దినమున న్యాయసహాయపు వకీలు కోర్టున నుండవలెను. మరల మరల చేయువానియందును, ప్రాణము తీసినవానియందును జుల్మానాతో సరిపెట్టరాదు. కాలువగట్ల మలుపులకు పిట్టగోడలు కట్టవలెను.

పాఠకులు చేయదగినదియు నున్నది. పెండ్లివిందునుండియో, పందెపుబరినుండియో స్నేహితుడు తూలుచు లేచినప్పుడు తాళపుచెవి తీసికొనుట మర్యాదకు భంగము కాదు. ఆ రాత్రి వాడు కోపించును. తెల్లవాఱి బ్రదికియుండి కోపించును. 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వ లెక్క. వారిలో త్రాగినవారి చేత చచ్చినవారెందఱో గాని, వారిలో నొక్కనికైనను తీర్పు ప్రాణము తెచ్చి యీయలేదు. న్యాయస్థానము చేయగలది జరిగిన పిదపటి పని. జరుగకముందటి పని మనది.