మళ్ళీ రంగులా?

"పెయింట్ వేయిస్తే ఫ్లాట్ రేటు పెరుగుతుంది సార్!" మొన్న ఆదివారం సెల్లార్‌లో కూర్చోబెట్టి మా అసోసియేషన్ ప్రెసిడెంటుగారు సెలవిచ్చిన మాట ఇది. 40 ఫ్లాట్లు, తలా 35,000. అంటే 14 లక్షలు. సమోసా నములుతూ అందరూ తలూపారు. గోడలకు రంగేసి నాలుగేళ్ళయినా కాలేదు!

రేటు పెరుగుతుందట. అమ్ముకునేదెవరండీ? బోర్డు పెట్టినవాళ్ళు ఇద్దరు. వాళ్ళ బేరం కుదరడానికి మిగతా 38 మందిమి చందాలేసుకుని ముస్తాబు చేయాలా? అసలు హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేవాడు ముందు మంజీరా నీళ్ళొస్తాయా, కారు ఎక్కడ పెట్టుకోవాలి అని అడుగుతాడు.

ఇక అసలు రోగం సంగతి. మా టెర్రస్‌కు వాటం సరిగ్గా లేదు. వాన పడితే ట్యాంకు చుట్టూ నీళ్ళు రోజుల తరబడి నిలుస్తాయి. ఆ నీరు స్లాబులోకి దిగుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అయిదో అంతస్తు వాళ్ళ మంచమ్మీద పెచ్చులు రాలేది అందుకే. పోయినసారీ ఇదే తంతు. గోకారు, లప్పం పెట్టారు, రెండు కోటింగులు కొట్టారు. మొదటి వానకే పొక్కులు లేచాయి. గోడ వెనకనుంచి నీరు తోసుకొస్తుంటే ముందు పూసిన రంగు నిలుస్తుందా? అప్పుడు లేత గులాబీ, ఇప్పుడు బూడిద రంగు. ఎందుకయ్యా అంటే పక్క అపార్ట్‌మెంటుది బూడిద రంగు!

మా ఊళ్ళో సంక్రాంతికి ఏటా సున్నం వేసేవాళ్ళం. అమ్మ కుండలో సున్నం నానబెట్టి, కాస్త నీలిమందు కలిపేది. ఖర్చు లేదు సరికదా, సున్నం పూసిన గోడ చెమ్మను బయటికి వదిలేది. ఈ ప్లాస్టిక్ పెయింటు పొర లోపలే బిగబట్టి ఉంచుతుంది. అయినా సున్నం మాట ఎత్తితే నన్ను పాతకాలం మనిషంటారు, వదిలేద్దాం.

కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంది. 18 శాతం అంటే ఇంకో 2,52,000. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉమ్మడి భాగాలు అందరివీ కదా, అందరినీ అడగాలి కదా అని 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం చేతబట్టుకెళితే, "గ్రూపులో పెట్టండి సార్, చూస్తాం" అన్నారు. పెట్టాను. మూడు దండాల బొమ్మలొచ్చాయి.

మరేం చేయమంటావంటారా? ముందు మంచి మేస్త్రీని పిలిచి టెర్రస్ వాటం సరిచేయించండి. ఒక వానాకాలం చూద్దాం. ఎంతవుతుందో నాకూ తెలీదు, లెక్క కట్టించాలి. రంగుల సంగతి తర్వాత.

పైసా ఇవ్వనని రాసి సంతకం పెట్టిచ్చాను. జూలై నెల, ఆకాశం ముసురు పట్టి ఉంది. ఇవాళ పొద్దున గేటు దగ్గర లారీలోంచి సర్వీ కర్రలు దించుతున్నారు.