పెట్టె అడుగున చీటీ ఉందా? ఇవాళే బయటికి తీయండి

"గడ్డేగా, నొప్పి లేదుగా. నాట్లయ్యాక చూపించుకుంటాలే." నాట్ల తర్వాత కలుపు, కలుపు తర్వాత కోత, కోతలయ్యేసరికి కూతురి పురుడు. తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో ఆడవాళ్ల కేన్సర్ కథలు చాలావరకు ఇలాంటి వాయిదాలతోనే మొదలవుతాయి. ముందు ఒక్కమాట చెప్పి తీరాలి. రొమ్ములో గడ్డ నొప్పి పెట్టడం లేదంటే ధైర్యపడకండి. తొలిదశలో కేన్సర్ గడ్డ చాలామందికి నొప్పే పుట్టించదు. నొప్పి వచ్చేదాకా ఆగడమంటే జబ్బు ముదిరేదాకా ఆగడమే.

నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లను ముందే పసిగట్టడానికి 2024 నవంబరులో మన రాష్ట్రంలో ఇంటింటి సర్వే మొదలుపెట్టారు. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త వచ్చి అడిగి, అనుమానం ఉంటే పై ఆసుపత్రికి చీటీ రాసిస్తారు. ఇది చిన్న సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. అలాంటి చోట పరీక్ష గుమ్మం దాకా రావడం గొప్పే. వచ్చినమ్మ "అత్తా, పిన్నీ" అని పలకరిస్తుంది, తలుపు దగ్గరేసి సిగ్గు తీరేలా మాట్లాడుతుంది. "బాగా చూసిందమ్మా" అని వీధంతా మెచ్చుకుంటుంది.

మా భయమంతా ఆ మెప్పు దగ్గరే. బాగా చూశారంటే పరీక్ష అయిపోయిందనుకుంటాం. అప్పటికి అయింది సగమే.

ఆ చీటీ ఎక్కడుందో చూడండి. పెట్టె అడుగున ఆధార్ జిరాక్సు, బ్యాంకు పుస్తకం, పాత కరెంటు బిల్లు ఉన్న ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలై ఉంటుంది. మడత పడ్డచోట సిరా చెదిరిపోయి ఉంటుంది. దాని మీద ఇంగ్లీషులో ఒక ముక్క రాసి, కింద సంతకం. ఎక్కడికి వెళ్లాలి, ఏ రోజు, ఏ గది, ఎవరిని అడగాలి అన్నది అందులో ఉండదు.

రేపల్లె మనిషి సంగతి మరీ విచిత్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక రేపల్లె బాపట్ల జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. రేపల్లెలో రైలెక్కితే అది తెనాలికి పోతుంది. జిల్లా కేంద్రానికి రైల్లో పోవాలన్నా తెనాలిలో దిగి మళ్లీ దక్షిణానికి తిరగాలి. కేన్సర్ విభాగం ఉన్న ప్రభుత్వ సర్వజనాసుపత్రేమో గుంటూరులో. లంక గ్రామంలో అరటితోట పనికి పోయే మనిషికి ఈ తిరుగుడంతా కూలి పోగొట్టుకునే రోజులే. తోడు మగమనిషి వస్తే ఇద్దరి కూలీ పోయినట్టు.

దారి చూపే మనుషులు మనకు తెలియనివారేం కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉన్నారు. ఇప్పుడు పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా మారినా, కార్డు చూసి కాగితాలు నడిపేది వాళ్లే. కానీ వాళ్లు కనిపించేది ఆసుపత్రి గడప లోపల. ఊళ్లో చీటీ అందినప్పటి నుంచి ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు చేతికొచ్చేదాకా మధ్యలో ఉన్న దారికి మిత్ర ఎవరూ లేరు. మనుషులు జారిపోయేది అక్కడే.

ఆ మధ్య దారిలో మనిషిని పెట్టాలన్న ఆలోచన న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రిలో 1990లో మొదలైంది. హెరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ దగ్గరికి పేద నల్లజాతి మహిళలు జబ్బు ముదిరాకే వచ్చేవారు. రొమ్ము కేన్సర్ బయటపడ్డాక అయిదేళ్లు బతికినవారు అంతకుముందు 39 శాతమే. తక్కువ ఖర్చు పరీక్షలకు దారి చూపే మనుషులు తోడయ్యాక, 1995–2000 నాటికి అది 70 శాతమైంది. అంత దూరం ఎందుకు, ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టిన అధ్యయనం ఉంది. నాలుగు వారాల శిక్షణ పొందిన స్థానిక మహిళలు పలుచని ఎసిటిక్ ఆమ్లంతో, అంటే మన వెనిగర్‌లో ఉండేదానితోనే, ముఖద్వార పరీక్షలు చేశారు. ఆ కేన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. అనుమానం వచ్చినవారిలో దాదాపు 80 శాతం మంది తర్వాతి పరీక్షకూ వెళ్లారన్నది అందులో మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

కాబట్టి అధికారులకు ఒక విన్నపం. "సేవలు సంతృప్తికరంగా ఉన్నాయా?" అని ఆసుపత్రికి వచ్చినవాళ్లను అడిగి శాతాలు వేసుకోకండి. వచ్చినవాళ్లు బాగుందనే అంటారు. రానివాళ్ల గడపకు ఎవరు పోయి అడిగారు? ఎన్ని చీటీలు రాశారు, ఎన్ని రిపోర్టులు తిరిగి వచ్చాయి, ఈ రెండు అంకెలు మండలంవారీగా పక్కపక్కన వేసి చూపించండి.

ఇక ఇంట్లోవాళ్లకు. ముఖద్వారం మీద తెల్లమచ్చ కనిపించిందంటే కేన్సర్ వచ్చేసినట్టు కాదు. చాలావరకు అది కేన్సర్‌గా మారడానికి ఏళ్లు పట్టే మార్పు, ఇప్పుడైతే చిన్న చికిత్సతో పోతుంది. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్నది వట్టి అపోహ. ఆ భయంతో పసరు కట్లు కట్టించుకున్న నెలలు మళ్లీ తిరిగి రావు. ముట్లుడిగాక రక్తం కనిపించినా, నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా చీటీ కోసం చూడకుండా వెళ్లండి. ఖైనీ, గుట్కా నమిలే మగవాళ్లకూ ఇదే మాట. మొన్న సర్వేలో "ఏమీ లేదు" అన్నారని ఇవాళ కొత్తగా తగిలిన గడ్డను వదిలేయకండి.

ఈ రాత్రే ఆ కవరు విప్పి చూడండి. చీటీ ఉంటే రేపు పొద్దున మీ ఏఎన్‌ఎంను పట్టుకుని "ఏ ఆసుపత్రి, ఏ రోజు, నాతో ఎవరొస్తారు?" అని అడగండి. ఆమె దొరక్కపోతే 104కు ఫోన్ చేయండి. కోతలకు ఒక రోజు మనిషి తగ్గినా చేను ఎటూ పోదు.