మెర్కెల్ ఆ మాట ఎక్కడ అనాల్సింది?

జర్మనీ మాజీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ 2025లో బుడాపెస్ట్ వెళ్లింది తన ఆత్మకథ ‘ఫ్రీడమ్’ హంగేరియన్ అనువాదాన్ని పరిచయం చేయడానికి. ఒప్పందాలు లేవు, సంయుక్త ప్రకటన లేదు. ప్రైవేటు పర్యటన అన్నారు. అయినా హంగేరీ అప్పటి ప్రధాని విక్టర్ ఓర్బాన్ ఆమెను బుడా కొండ మీది పాత కార్మెలైట్ మఠానికి, అంటే అప్పటి తన కార్యాలయానికి పిలిపించుకుని మాట్లాడారు. అక్టోబరు మొదట్లో పార్టిజాన్ అనే యూట్యూబ్ చానల్‌లో ఆమె ఇంటర్వ్యూ వచ్చింది. దాంతో పోలండ్ రాజధాని వార్సా నుంచి ఎస్టోనియా రాజధాని తల్లిన్ దాకా భగ్గుమంది.

ఆమె చెప్పిన వరస ఇది. తూర్పు ఉక్రెయిన్‌లో పోరు ఆపేందుకు కుదిరిన మిన్స్క్ ఒప్పందాన్ని రష్యా అధ్యక్షుడు పుతిన్ ఇక లెక్కచేయడం లేదని 2021 జూన్ నాటికి ఆమెకు అర్థమైంది. యూరోపియన్ యూనియన్ నేరుగా ఆయనతో మాట్లాడాలని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్‌తో కలిసి ప్రతిపాదించారు. కొందరు ఒప్పుకోలేదు, ముఖ్యంగా బాల్టిక్ దేశాలు, వాటితో పాటు పోలండ్. ప్రతిపాదన వీగిపోయింది. ఆమె పదవి దిగిపోయారు. ఆ తర్వాత పుతిన్ ఉక్రెయిన్‌పై దండెత్తాడు.

ఇందులో ఏ ముక్కా అబద్ధం కాదు. కానీ ఇలా పక్కపక్కన పేర్చి చెబితే, చర్చలకు అడ్డుపడినవాళ్ల వల్లే యుద్ధం వచ్చిందని వినేవాళ్లకు తోస్తుంది. ఆమె నోటితో ఆ మాట అనలేదు, నిజమే. అయితే పదహారేళ్లు జర్మనీని నడిపిన మనిషికి ఏ మాట ఎలా చేరుతుందో తెలియకపోదు.

ఆ వరసలో చోటు దొరకని సంగతులే నన్ను ఎక్కువ బాధిస్తున్నాయి. 2021 వసంతంలోనే రష్యా ఉక్రెయిన్ సరిహద్దుకు భారీగా సేనలను తరలించింది. ఆ స్థితిలో శిఖరాగ్ర సమావేశం అంటే పుతిన్‌కు బహుమానమేనని భయపడింది బాల్టిక్ దేశాలొక్కటే కాదు. నెదర్లాండ్స్ ప్రధానిగా ఉన్న మార్క్ రుట్టె కూడా అలాంటి భేటీకి తాను రానన్నారు. అంతకు ముందు 2014లో ఉక్రెయిన్ చేతి నుంచి క్రిమియా రష్యాకు పోయింది. అది పోయిన మరుసటి ఏడాదే రష్యా నుంచి జర్మనీకి వచ్చే నార్డ్ స్ట్రీమ్ 2 గ్యాస్ పైప్‌లైన్ ఒప్పందం కుదిరింది. వద్దు వద్దని పోలండ్, బాల్టిక్ దేశాలు మొత్తుకున్నా, అది వ్యాపార వ్యవహారమంటూ మెర్కెల్ ప్రభుత్వం ముందుకే సాగింది. యుద్ధానికి రెండు రోజుల ముందు, 2022 ఫిబ్రవరి 22న, ఆమె తర్వాత వచ్చిన షోల్జ్ దాని అనుమతి ప్రక్రియను ఆపేశారు. తమ భయమే నిజమైన దేశాలను ఇప్పుడు వేలెత్తి చూపడం పుండు మీద కారం చల్లడమే. పోలండ్ మాజీ ప్రధాని మొరావియెత్స్కీ, ఎస్టోనియా విదేశాంగ మంత్రి త్సాఖ్నా మండిపడ్డారంటే ఆశ్చర్యమేముంది?

ఇక ప్రైవేటు అన్న ముసుగు. జర్మనీలో మాజీ ఛాన్సలర్‌కు కార్యాలయం, సిబ్బంది, భద్రత అన్నీ ప్రజల సొమ్ముతోనే నడుస్తాయి. రష్యా ఇంధన సంస్థలతో అంటకాగిన మరో మాజీ ఛాన్సలర్ ష్రోడర్‌కు ఆ కార్యాలయాన్ని 2022లో జర్మన్ పార్లమెంటు కమిటీ తీసేసింది కూడా. పదవి పోయినా ప్రజల పట్ల బాధ్యత ఉంటుందనే కదా దాని అర్థం. పైగా ఆతిథ్యమిచ్చింది ఎవరు? 2015లో శరణార్థుల విషయంలో ఆమెతో ఢీ అంటే ఢీ అన్న నాయకుడు, 2024 జులైలో తోటి దేశాలు కాదంటున్నా మాస్కో వెళ్లి పుతిన్‌తో చేయి కలిపిన నాయకుడు, అప్పటికి 2026 ఎన్నికలకు సిద్ధమవుతున్న నాయకుడు. మెర్కెల్‌ను కలవడం ఆయనకెంత అక్కరకొచ్చే విషయమో చెప్పక్కర్లేదు.

మాజీలు నోరు కట్టుకోవాలని నేను అనను. మెర్కెల్ లాంటివాళ్లు లోపల ఏం జరిగిందో చెప్పకపోతే చరిత్రకే నష్టం. ఈ యుద్ధం మనకూ పరాయిది కాదు. చదువులు మధ్యలో వదిలేసి ఆపరేషన్ గంగ విమానాల్లో ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చిన వైద్య విద్యార్థుల్లో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. యుద్ధం ఎందుకొచ్చిందో తేల్చుకోవడం వాళ్లకూ అవసరమే.

అయితే తల్లిన్ గురించి అనాల్సిన మాట తల్లిన్‌లో అనాలి, వార్సా గురించి అనాల్సింది వార్సాలో. అదే పుస్తకం పట్టుకుని అక్కడి శ్రోతల ముందు కూర్చోవాలి. క్రిమియా పోయాక కూడా ఆ పైప్‌లైన్‌కు ఎందుకు అడ్డు చెప్పలేదని వాళ్లు అడుగుతారు. దానికి జవాబు చెప్పాకే 2021 జూన్ గురించి ఎంతసేపు మాట్లాడినా వింటారు.