టీవీ కొనుటకు ముందు

గడచిన మాసమున మేము టీవీ కొనఁబోయితిమి. చేతనున్నది చీటీపాట వలన వచ్చిన 30,000 రూపాయలు. అంగడివాఁడు 55 అంగుళముల దానిని జూపి, "తక్కువైనది వాయిదాల మీఁద నీయవచ్చునమ్మా" యనెను. నేను సమ్మతింపక యింటికి వచ్చి గది కొలిచితిని. తెరకును గూర్చుండు చోటికిని నడుమ 6 అడుగులే. అందులకు 43 అంగుళములు చాలును. ఈ కొలత మూలనుండి మూలకు. వెడల్పు సుమారు 95 సెంటీమీటరులు మాత్రమే.

అంగడిలోని మిఱుమిట్లకు భ్రమపడరాదు. అచట వెలుఁగు హెచ్చించి యుంచెదరు. ఇంటి రీతికి దగ్గించి చూపుమని యడుగుఁడు. పిమ్మట ప్రక్కకు జరిగి చూడుఁడు. మా యత్తగారు గోడవార మంచముపై నుండి చూచువారు. ఎదుట మిక్కిలి బాగుగనున్న యొక తెర ప్రక్కనుండి చూడఁగా వెలవెలఁ బోయెను, దానిని విడిచితిని.

నక్షత్రముల చీటీని జూడుఁడు. ఒకే పరిమాణము గలవానిలో నక్షత్రములు హెచ్చినకొలఁది విద్యుత్తు వ్యయము తగ్గును. 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళములకు మించినవానిపై జీయస్టీ 28 నుండి 18 శాతమునకు దిగినది. పాత ధర చెప్పిన నొప్పుకొనకుఁడు.

మేము 43 అంగుళముల 4కే తెరను గొంటిమి. అత్తగారు మంచము కదల్పకయే చూచుచున్నారు. నెలనెల వాయిదా భయము మాకు లేదు.