దూరపు కొండలూ... పెరటి చెట్టూ...



కిందటివారం చల్లమిరపకాయల గురించి రాసి, ఈ వారం ఆవకాయ కొలతలు రాస్తానని మాటిచ్చాను కదూ! ఆ మాట తప్పుతున్నందుకు కోప్పడకండి. వారం రోజులుగా మా ఇంట్లో ఒకటే చర్చ. ఆ ధ్యాసలో రెండుసార్లు పోపు మాడ్చేశాను కూడా.

సంగతేమిటంటే, మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ పాసయింది. ఎనిమిదో తరగతి నుంచీ దానికి ఫుట్‌బాల్ పిచ్చి. కంచరపాలెంలో మా వీధిలో మగపిల్లలతో మొదలెట్టి జిల్లా జట్టు దాకా వెళ్ళింది. మొన్న కేరళలో ఒక క్లబ్బువాళ్ళు ఆడించి చూసి, ఒక సీజను ఉండమన్నారు. బస, భోజనం, కొంచెం జీతం వాళ్ళే ఇస్తారట.

మావారు రైల్వేలో పనిచేస్తారు. "ఇక్కడే డిగ్రీలో చేరి ఆడుకోమను. అదృష్టం బాగుంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుంది. కళ్ళముందు ఉంటుంది" అన్నారు. మా అత్తగారయితే "గుంటని అంత దూరం పంపుతారేటి?" అని ముక్కున వేలేసుకున్నారు. అందరి మాటలూ అయ్యాక అది నా దగ్గరకొచ్చి, "అమ్మా, నువ్వేమంటావు?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆడవాళ్ళ పేజీలో ఈ బంతాట గొడవేమిటనుకోకండి. మీ ఇంట్లో ఇది అమెరికా చదువు కావచ్చు, హైదరాబాదు ఉద్యోగం కావచ్చు, దూరపు సంబంధం కావచ్చు. పెద్ద చోటికి వెళ్ళి వెనక వరసలో కూర్చోవాలా, ఉన్నచోటే ముందు వరసలో ఉండాలా అన్నదే అసలు ప్రశ్న. దూరపు కొండలు నునుపు అన్నవాళ్ళే, పెరటిచెట్టు మందుకు పనికిరాదని కూడా అన్నారు. మరి ఏది నమ్మాలి?

ఆ రాత్రి మా అమ్మాయి పక్కన కూర్చుని సౌమ్య గుగులోత్ కథ చెప్పింది. సౌమ్య మన తెలుగమ్మాయే, నిజామాబాద్ జిల్లా పిల్ల. గోకులం కేరళ క్లబ్బుకు ఆడి పేరు తెచ్చుకుంది. 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి యూరప్‌లోని క్రొయేషియా దేశానికి వెళ్ళి, డైనమో జాగ్రెబ్ క్లబ్బులో సంతకం చేసింది. భాష రాదు, తిండి వేరు, చలి వేరు. వెళ్ళిన తరవాత జ్యోతి అక్కడే కుదురుకుంది. సౌమ్య తిరిగొచ్చి మళ్ళీ మన లీగులోనే ఆడింది.

"అయితే ఓడిపోయి వచ్చేసిందన్నమాట" అన్నాను నేను.

"వినమ్మా" అంది మా అమ్మాయి. 2024-25 సీజనులో సౌమ్య కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. ఆ ఏడు మహిళల లీగు ఆ జట్టే గెలిచింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2025లో దేశం మొత్తానికీ ఉత్తమ క్రీడాకారిణిగా సౌమ్యనే ఎంచింది. నా నోరు మూతపడింది.

సౌమ్యకంటే ముందు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మణిపూర్ బాలాదేవి సొంత రాష్ట్రంలో పోలీసు ఉద్యోగం ఉండి కూడా, 2020లో స్కాట్లాండు రేంజర్స్ క్లబ్బుకు వెళ్ళింది. పంజాబు పిల్ల మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్ దేశపు క్లబ్బులో చేరి, యూరప్‌లో అన్నిటికంటే పెద్దదైన ఛాంపియన్స్ లీగులో ఆడిన మొదటి భారతీయురాలయింది.

ఈ తర్జనభర్జన మనకే అనుకున్నాను. కొరియావాళ్ళకి మనకంటే ఎక్కువట! అక్కడ పిల్లలు చిన్నప్పుడే యూరప్ దారి పడతారు. సన్ హ్యుంగ్-మిన్ అనే ఆటగాడు 2008లో, 16 ఏళ్ళకే జర్మనీలోని హాంబర్గు వెళ్ళిపోయాడు. పైగా అక్కడ మగపిల్లలందరూ ఏడాదిన్నరకు తగ్గకుండా సైన్యంలో చేయాలి. ఆట పదునుగా ఉండే వయసులోనే ఆ పిలుపు వస్తుంది. ఒలింపిక్ పతకమో, ఆసియా క్రీడల్లో బంగారు పతకమో తెస్తే సైన్యంలో కొద్దివారాల శిక్షణ చాలు. సన్‌కి 2018 జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకంతో ఆ వెసులుబాటు దొరికింది. పతకం రానివాళ్ళలో కొందరు సైన్యం నడిపే జట్టులో ఆడుతూ ఆ గడువు పూర్తిచేస్తారు. ఎవరి లెక్కలు వాళ్ళవి!

ఆ దేశపు ఆడపిల్ల జీ సో-యున్ సంగతి నాకింకా నచ్చింది. ముందు జపానులో ఆడింది. 2014లో లండను చెల్సీ క్లబ్బుకు వెళ్ళి ఎనిమిదేళ్ళుంది. 2015లో వెంబ్లీ మైదానంలో జరిగిన కప్పు ఫైనల్లో ఉన్న ఒక్క గోలూ ఆమెదే. 2022లో స్వదేశం వచ్చి సువాన్ క్లబ్బులో ఆడింది. అక్కడితో ఆగిందా? 2024లో మళ్ళీ అమెరికా వెళ్ళింది. ఒకసారి గడప దాటితే ఇక తిరిగి రాకూడదనీ, తిరిగొస్తే మళ్ళీ వెళ్ళకూడదనీ ఎవరు రాశారు చెప్పండి?

కొరియా అంటే గుర్తొచ్చింది. 1962లో అదే జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్లో మనవాళ్ళు దక్షిణ కొరియాను 2-1 గోల్స్‌తో ఓడించారు. ఆ జట్టు కోచ్ రహీంగారు హైదరాబాదువారు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాదు కుర్రాడు. ఆయనకీ ఆ రోజుల్లో దూరమంటే కలకత్తాయే! వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, కెప్టెన్ కూడా అయ్యారు. ఆరోగ్యం దెబ్బతిని 1963లో, ముప్ఫై నిండకుండానే ఆట మానుకోవలసి వచ్చింది. చివరిదాకా బెంగాలులోనే ఉండి 2023లో కన్నుమూశారు. ఆయన ఆడిన క్లబ్బులోనే అరవై ఏళ్ళు దాటాక మన నిజామాబాద్ పిల్ల ఆడడం నాకెందుకో ముచ్చటగా అనిపించింది.

ఇంతా విన్నాక నేను మావారితో ఒక మాటన్నాను. "దూరమా దగ్గరా అన్నది కాసేపు పక్కనబెడదాం. సరుకులు కొనేటప్పుడు అడిగినట్టు అన్నీ అడుగుదాం." ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది, నిజంగా ఆడనిస్తారా, బెంచీ మీదే కూర్చోబెడతారా? ఈ వయసులో పెద్ద పేరున్న చోట కూర్చోవడంకంటే చిన్నచోట ఆడడమే మేలు. రెండోది, మాటలు కాదు, కాగితం మీద ఏం రాస్తారు? లీగులో ఆడే ఒక్కో క్లబ్బూ కనీసం పదిమంది మన అమ్మాయిలకు ఏడాదికి 3.2 లక్షల జీతం ఇవ్వాలని 2023లో సమాఖ్య నిర్ణయించింది. మన పిల్ల ఆ పదిమందిలో ఉంటుందా, లేదా? మూడోది, మోకాలు దెబ్బతింటే వైద్యం ఖర్చు ఎవరిది? ఆడేవాళ్ళకి మోకాలే ఆస్తి. నాలుగోది, హాస్టల్లో ఆడపిల్లల్ని చూసుకునే పెద్దమనిషి ఎవరు? ఐదోది, చదువు. దీనికి జవాబు మా దగ్గరే దొరికింది. ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో డిగ్రీ కట్టించవచ్చు.

మావారు ఫోను చేసి అన్నీ అడిగారు. ఆ పదిమందిలో మా అమ్మాయి లేదు. కొత్తపిల్ల కదా, జీతం తక్కువేనని దాపరికం లేకుండా చెప్పారు. వైద్యం ఖర్చు తమదేనని కాగితం మీద రాసి పంపారు. హాస్టల్ చూసుకునే ఆవిడతో నేనే మాట్లాడాను. ఆవిడ తెలుగూ నా మలయాళమూ ఒకటే, అంటే సున్నా! అయినా ఇద్దరు తల్లులం కదా, అర్థమయింది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది ఇంట్లో కూడా ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు. నేను ఇంటర్ అయ్యాక నాకు టీచరు ట్రెయినింగులో సీటు వచ్చింది. "ఆడపిల్లని అంత దూరం పంపలేనమ్మా" అన్నారు మా నాన్నగారు. ప్రేమతోనే అన్నారు. నేనూ ఎదురు చెప్పలేదు. ఆ దూరం ఎంతో తెలుసా? బస్సులో గంటన్నర.

ఈ సంగతి మొన్న రాత్రి మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వెళ్ళి రైలు టికెట్టు తెచ్చారు. మా అత్తగారు కాసేపు అలిగి, తరవాత "గుంటకి అక్కడ చోడి అంబలి ఎవరు పెడతారు?" అని మొదలెట్టారు. ఆవిడ ఒప్పుకున్నారనడానికి అదే గుర్తు!

ఒక్క సీజను. నచ్చితే ఉంటుంది, లేకపోతే వస్తుంది. "వస్తే ఎవరూ ఒక్క మాట అనకూడదు" అని ఇంట్లో అందరి చేతా ఒట్టు వేయించుకున్నాను. పక్కింటివాళ్ళ చేత వేయించుకోలేను గానీ, వాళ్ళకి జవాబు నేను చెప్పుకుంటాను లెండి.

ప్రస్తుతం దాని పెట్టెలోకి అంబలి పిండి తయారు చేస్తున్నాను. చోళ్ళు కడిగి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు రానివ్వాలి. నీడన ఆరబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మరపట్టించి జల్లించుకోవాలి. రెండు చెంచాల పిండి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి ఉడికించి, చల్లారాక మజ్జిగా ఉప్పూ వేసుకుంటే సరి. హాస్టల్లో ఉండే పిల్లలెవరికైనా ఇది పంపవచ్చు.

మీ ఇంట్లోనూ ఇలాంటి చర్చ జరిగి ఉంటే నాకు రాయండి. ఏం తేల్చారో, తరవాత ఏమయిందో కూడా రాయండి.

ఆవకాయ కొలతలు వచ్చేవారం తప్పకుండా. ఈసారి ఒక జాడీ ఎక్కువే పెట్టాలి, కేరళకి పంపాలి కదా! ఉంటాను మరి.